ఉక్కపోత ఊళ్ళలో దినచర్య

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏడాదిలో సగానికి పైగా ఒళ్ళు తడారదు. పొద్దున్న ఎనిమిదికే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. అలాంటి చోట ఫోన్లో ఎవరో చెప్పారని, లేవగానే వేడినీళ్ళలో తేనె, నిమ్మరసం, అల్లం కలుపుకుని తాగేవాళ్ళు ఇప్పుడు వీధికి నలుగురు. పది రోజులు తిరక్కుండానే ఛాతీలో మంట, నోట్లో పూత. అప్పుడు ఆయుర్వేదం వేడి చేసిందంటారు. తేనెని కాచొద్దని, వేడి పదార్థంతో కలపొద్దని చెప్పిందే ఆయుర్వేదం! ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఎవరి కడుపుకి అన్న మూడు ప్రశ్నలు వేసుకోకుండా ఏ అలవాటు పెట్టుకున్నా ఇదే గతి.

ముందు ఆకలి సంగతి. రాత్రి తిన్నది అరిగిందో లేదో పొద్దున్న తేనుపే చెబుతుంది. తేనుపులో నిన్నటి వంకాయ కూర వాసన వచ్చిందంటే లోపల పని ఇంకా అవలేదు. నాలుక మీద తెల్లగా, మందంగా పాచి కట్టినా అదే లెక్క. కొబ్బరి ఈనె చీల్చి వెనక నుంచి ముందుకి ఐదారు సార్లు గీస్తే చాలు, రక్తం వచ్చేలా గీకక్కర్లేదు. తేనుపు శుభ్రంగా వచ్చి, ఒళ్ళు తేలిగ్గా ఉండి, విరేచనం సాఫీగా అయి, నిజంగా ఆకలేస్తే అప్పుడు తినాలి. గడియారం ఎనిమిది కొట్టిందని ఇడ్లీలు తోసెయ్యడం వల్లే సగం గ్యాస్ బాధలు. ఆకలి లేని పూట వాము పావు చెంచా, చిటికెడు సైంధవ లవణంతో నమిలి గోరువెచ్చని నీళ్ళు తాగి, మధ్యాహ్నం దాకా ఆగండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రం ఇలా ఆగకూడదు, షుగర్ పడిపోతుంది. తినేటప్పుడు పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు చెప్పిన కొలత గుర్తుంచుకుంటే చాలు: కడుపుని నాలుగు పాళ్ళు చేసి రెండు పాళ్ళు అన్నానికి, ఒక పాలు ద్రవానికి, మిగిలిన పాలు ఖాళీ. మన పెళ్ళి భోజనాల్లో ఆ నాలుగో పాలు కనపడదు, అది వేరే సంగతి.

బ్రాహ్మీ ముహూర్తం గురించి కూడా ఒక మాట. నాలుగున్నర అని అలారం పెట్టేస్తారు. అది సూర్యోదయాన్ని బట్టి కదిలే సమయం, పొద్దు పొడవడానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. శ్రీకాకుళంలో మే నెలాఖరుకి ఐదున్నరలోపే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర దాకా లాగుతుంది. అంటే తేడా గంటకి పైనే. రాత్రి పదకొండున్నరకి పడుకుని నాలుగింటికి లేచేవాడికి దక్కేది పగటి కునుకు ఒక్కటే.

ఇక తలంటు. ఈ ఊళ్ళకి ఇంతకన్నా పనికొచ్చేది లేదని నా అభిప్రాయం, ఇంతకన్నా తప్పుగా చేసేదీ లేదు. నూనె అంటే గానుగలో ఆడించిన నువ్వుల నూనె. మనవాళ్ళు దాన్నే మంచినూనె అన్నారు. పెద్దవాళ్ళకి ఒళ్ళంతా పట్టడానికి 50 మిల్లీలీటర్లు సరిపోతుంది. గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకండి. నూనె గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు ఉంచి, మణికట్టు లోపలి వైపు చుక్క వేసి చూడండి. చురుక్కుమనకుండా వెచ్చగా తగలాలి. ముందు మాడు మీద, తర్వాత చెవుల వెనక, మెడ. చేతులకీ కాళ్ళకీ పొడుగ్గా, కీళ్ళ దగ్గర గుండ్రంగా, పొట్ట మీద బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు. చివర అరికాళ్ళు. రోజూ ఒళ్ళంతా పట్టే తీరిక లేకపోతే తల, చెవులు, పాదాలు ఈ మూడూ వదలొద్దని శాస్త్రమే చెప్పింది. రెండు చెంచాల నూనె, ఐదు నిమిషాలు. చెవి లోపల పొయ్యడం మాత్రం వద్దు, చెవి కారేవాళ్ళకి, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళకి అది ప్రమాదం.

పట్టాక పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. గంటసేపు ఫ్యాన్ కింద కూర్చుంటే నూనె ఇంకడం మాట దేవుడెరుగు, జలుబు పట్టుకుంటుంది. స్నానానికి మెడ కింద వేడినీళ్ళు, తలకి గోరువెచ్చనివి లేదా చన్నీళ్ళు. తల మీద మరిగే నీళ్ళు పోస్తే జుట్టుకీ కళ్ళకీ చెరుపు. జ్వరం, జలుబు, అజీర్తి ఉన్న రోజు, తిన్న వెంటనే నూనె ముట్టుకోకూడదు. చాలామందికి నూనె పడటం లేదని అనిపించడానికి కారణం టిఫిన్ తిన్నాక తలంటుకోవడమే.

నూనె వదలడానికి సబ్బు రుద్దితే పడిన శ్రమంతా కాలువ పాలు. సున్నిపిండి ఇంట్లోనే పట్టించుకోవచ్చు: పెసలు అరకిలో, పచ్చిశనగపప్పు పావుకిలో, బియ్యం 100 గ్రాములు, కచ్చూరాలు 50, పసుపు కొమ్ములు 25, గుప్పెడు వట్టివేరు. రెండు రోజులు ఎండబెట్టి మరీ మెత్తగా కాకుండా కొంచెం బరకగా పట్టించండి. పాత జాబితాల్లో బావంచాలు కూడా ఉంటాయి. వాటిని మానెయ్యండి. బావంచాలు రాసిన చర్మం మీద ఎండ పడితే కములుతుంది, బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగులుతాయి. ఇంకో చిన్న సంగతి ఎవరూ చెప్పరు. శనగపిండి, నూనె కలిసి బాత్రూమ్ తూములో ముద్ద కడతాయి. పెరట్లో స్నానం చేసే రోజుల్లో ఈ బాధ లేదు. జాలీ మీద పాత గుడ్డ ముక్క వేసుకోండి, స్నానమయ్యాక రెండు చెంబుల వేడినీళ్ళు పొయ్యండి. గచ్చు జారుడు సంగతి ఇంట్లో ముసలివాళ్ళుంటే మరీ చూసుకోవాలి.

పొద్దుటి తిండికి చోడంబలిని, అంటే రాగి అంబలిని మించింది కొనుక్కున్నా దొరకదు. మూడు పెద్ద చెంచాల చోడిపిండిని గ్లాసుడు చన్నీళ్ళలో కలిపి రాత్రి మూత పెట్టి వదిలెయ్యండి. చలికాలం పది గంటలు, ఎండాకాలం ఆరు గంటలు చాలు. పొద్దున్నకి పలచగా నీరు తేలి, చిన్నగా పుల్లటి వాసన రావాలి. ముక్కు పట్టుకునే వాసనైతే పారబోయండి. గుప్పెడు బియ్యపు నూకల్ని మూడు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించి, సెగ తగ్గించి, పులిసిన పిండినీళ్ళు సన్నటి ధారగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. ఎనిమిది పది నిమిషాలకి పచ్చి వాసన పోయి గోధుమరంగు కాస్తా ముదురై, పైన నిగనిగ వస్తుంది. తెడ్డు ఎత్తితే తెగకుండా జారాలి. పొడి పిండిని నేరుగా వేడినీళ్ళలో వేశారో, ఉండలు కట్టి ఉండ లోపల పచ్చిపిండి ఉండిపోతుంది. అది తిన్నవాళ్ళకే కడుపు బరువు. పూర్తిగా చల్లారాకే మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలపాలి, వేడి మీద పోస్తే విరిగిపోతుంది. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం 340 మిల్లీగ్రాములకి పైనే. అయితే చోడి తింటే షుగర్ పెరగదని గుడ్డిగా నమ్మకండి. పలచటి జావ కడుపులో నిలవదు, త్వరగా షుగర్ పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు అదే పిండిని గట్టి ముద్దగా చేసి, పప్పో మునగాకు కూరో పెట్టుకుని తినడం మేలు.

తరవాణి చలవ అని అందరూ అంటారు. కుండలో గంజీ కడుగూ పోసి పులియబెట్టే ఈ నీళ్ళకి దగ్గరి చుట్టం ఆయుర్వేదంలో ధాన్యామ్లం. దాని గుణం రాసింది చూస్తే ఆశ్చర్యమేస్తుంది: తాకితే చల్లన, లోపల వేడి, పిత్తం పెంచేది. ఎండలో పొలం పని చేసి చెమటోడ్చినవాడికి ఆ పులుపూ ఉప్పూ ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి, నిజమే. ఏసీ గదిలో కూర్చుని, ఛాతీమంటకి మాత్ర వేసుకునేవాడు రోజూ తాగితే మంట ఎక్కువవుతుంది. అలాంటివాళ్ళకి పలచటి మజ్జిగే దిక్కు: కప్పు పెరుగుకి మూడు కప్పుల నీళ్ళు, బాగా చిలికి వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి పావు చెంచా. రాత్రిపూట పెరుగు, సగమే తోడుకున్న పెరుగు, వేడి చేసిన పెరుగు ఈ మూడూ కూడదు. మజ్జిగ పులుసు చేసేటప్పుడు కూడా దించాక మజ్జిగ కలిపే పద్ధతి మంచిది.

ఋతువులకి మన పండగలే గుర్తులు పెట్టుకోవచ్చు. అరసవల్లి రథసప్తమి నాటికి చలి వెళ్ళే దారిలో ఉంటుంది. అప్పటినుంచి ఉగాది దాటేదాకా కఫం కరిగి గొంతులోకి దిగే కాలం, తీపీ మినప పిండివంటలూ తగ్గించి ఉలవచారు, మిరియాలు పెంచాలి. వ్యాయామం నుదుటి మీద చెమట పట్టేదాకా, అంటే సగం శక్తి దాకా. ఆపైన ఉక్కలో చేస్తే నీరసమే మిగులుతుంది. పగటి నిద్ర ఎండాకాలంలో తప్పు లేదు. వానలు పడ్డాక మానెయ్యాలి, అప్పుడు ఆకలి బాగా మందగిస్తుంది. ఆ నెలల్లో కాచి చల్లార్చిన నీళ్ళు, శొంఠి, పాతబియ్యం. దసరా వెళ్ళాక విజయనగరంలో జరిగే పైడితల్లి సిరిమాను రోజులకి వాన తగ్గి ఎండ చురుక్కుమంటుంది. వానల్లో పోగైన పిత్తం బయటపడేది అప్పుడే, కళ్ళ మంటలూ ఒంటి మీద పొక్కులూ ఆ నెలలోనే ఎక్కువ. పులుపు, కారం, వేపుళ్ళు తగ్గించి పొట్లకాయ, బీరకాయ, పెసరపప్పు, కాస్త నెయ్యి.

త్రిఫల ఇంట్లో చేసుకునేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. సీతంపేట కొండల వైపు నుంచి సంతలోకొచ్చే కరక్కాయ, తానికాయ, ఉసిరి మూడూ సమానంగా తూచి పట్టించేస్తారు. గింజ తీశాక తూచాలి, పై బెరడే మందు. రాత్రి అర చెంచా గోరువెచ్చని నీళ్ళతో. విరేచనం పల్చబడితే సగానికి తగ్గించండి. గర్భిణులకి, నీళ్ళ విరేచనాలవాళ్ళకి వద్దు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వైపు వాళ్ళకి మాత్రం ఇవన్నీ ఇంకో జాగ్రత్తతో చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అక్కడ చీటీ లేని పొట్లంలో ఇచ్చే భస్మం, లేహ్యం ఏదీ నోట్లో పెట్టుకోకూడదు, సరిగ్గా శుద్ధి కాని పాదరసం, సీసం ముందు దెబ్బతీసేది మూత్రపిండాల్నే. నులిపురుగులకని పల్లెల్లో ఇచ్చే గాడిదగడపాకు రసం కూడా కడుపులోకి వద్దు, అందులోని ఆమ్లం కిడ్నీని పాడుచేస్తుందని రుజువైంది. పొలంలో ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలదీ అదే దారి, వాటి బదులు సాయంత్రం అరికాళ్ళకీ పిక్కలకీ వెచ్చటి నువ్వుల నూనె రాసి వేడినీళ్ళ కాపడం పెట్టుకోవచ్చు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరిగినవాళ్ళు చోడంబలి, మునగాకు, కొబ్బరినీళ్ళు కూడా డాక్టర్ని అడిగాకే ముట్టుకోవాలి. వాటిలోని పొటాషియం, ఫాస్ఫరస్ మనకి బలమైతే వాళ్ళకి బరువు.