మనకు నీళ్లు పైకొస్తయి, అక్కడ నేలే కిందికొస్తది

జులైల లీవు దొరికింది, సీజన్ కాదు కాబట్టి రూములు చవక, గంతే, అంతకుమించి ప్లాన్ ఏం లేకుండ ఒక్కన్నే నేపాల్ పోయిన. "వాన సూడనీకి ఆడిదాంక పోవాల్నా కొడుకా, ఈడ లేదా వాన" అన్నది అమ్మ. కాజీపేటల రైలెక్కి గోరఖ్‌పూర్, ఆడికెళ్లి సునౌలి బార్డర్ దాటి పోఖరా. వీసా అక్కర్లేదు గని ఓటర్ కార్డో పాస్‌పోర్టో పెట్టుకోండ్రి, ఆధార్‌ను నమ్ముకొని పోవద్దు.

వాన సంగతి నాకు తెల్వదా అనుకున్న. 2023 జులైల భూపాలపల్లి దిక్కు మోరంచవాగు ఊరి మీదికొచ్చింది, మా హన్మకొండ కాలనీలల్ల పడవలు తిరిగినయ్, గవన్నీ సూసినోన్ని గదా. కానీ మన దగ్గర వాగు ఎక్కితే ఆగుతం, దిగినంక పోతం, నీళ్లు కంటికి కనవడ్తయి. అక్కడ అట్ల కాదు. వాన ఆగి ఎండ కొట్టినంక గూడ నానిన కొండ జారుతది, దాన్ని పైరో అంటరు. పోఖరా నుంచి కాఠ్‌మాండూ పోతుంటే ముగ్లింగ్ అనే ఊరి కంటె ముందు బస్సు ఆగింది, రోడ్డు బంద్. డ్రైవర్ ఇంజన్ బంద్ జేసి సీటు మీద పన్నడు. అందరు దిగి రోడ్డు పక్క హోటల్ల దాల్ భాత్ తింటున్నరు, నేనొక్కన్నే "ఎప్పుడు తెరుస్తరు, ఎప్పుడు తెరుస్తరు" అని అందర్ని సతాయిస్తున్న. పక్క సీటాయన హిందీల సల్లగ చెప్పిండు, 2024 జులై 12న తెల్లారకముందే సిమల్తాల్ దగ్గర పైరో వచ్చి రెండు బస్సులు త్రిశూలి నదిల వడ్డయి, అరవై మందికి పైనే ఉండిరి, నీకు ఏం తొందర అని. నేను మల్ల అడగలే. రాత్రి బస్సు టికెట్ మాత్రం ఆ రోజే మనసులకెళ్లి తీసేసిన.

ఇంకోటి, పోఖరా పక్కన లుమ్లేల ఏడాదికి 5000 మిల్లీమీటర్ల పైన పడ్తదట, మన వరంగల్‌ల సుమారు 1000. అన్నపూర్ణ కొండల అవతల ముస్తాంగ్‌ల మాత్రం వాన శానా తక్కువ, అందుకే అందరు వానాకాలంల గక్కడికి పొమ్మంటరు, కానీ ఆడికి పోయే బేనీ రోడ్డే వానకు కూలుతది, ఇగ ఏం జేస్తం.

జలగల గురించి కూడ చెప్పాలె. మా పొలంల జలగలు నీళ్లల్ల ఉంటయి, అక్కడ తడి ఆకుల కొసలకు కాసుక్కూసుంటయి. సాక్సులు విప్పితేగని తెల్వలే, నెత్తురు ఆగదు. ఉప్పు మూట జేబుల పెట్టుకున్నోడే తెలివిగల్లోడు.

అక్కడి టైము మనకంటె 15 నిమిషాలు ముందు, ఆ 15 నిమిషాలను కూడ లెక్క పెట్టుకుంట ప్లాన్ రాసుకున్నోన్ని, రోడ్ల మీద రెండు రోజులు పోయినయ్. రిటర్న్ రైలు మిస్సయింది, జనరల్ బోగీల నిలవడి వచ్చిన.

కాజీపేటల దిగేసరికి ఒకటే వాన. అమ్మ ఫోన్ జేసింది, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లున్నయంట, ఆటోలు వస్తలేవంట అని. సరేనని స్టేషన్ల ఛాయ్ జెప్పి కూసున్న.