జీప్‌లో రేడియో పెట్టుకుంటున్నారా? ముందు యాంటెనా సంగతి చూడండి

పోయిన అక్టోబరులో ఫీనిక్స్ నుంచి మూడు కుటుంబాలం మూడు బండ్లలో అరిజోనా కొండల్లో ఉన్న క్రౌన్ కింగ్ అనే చిన్న ఊరికి కొండదారిన బయల్దేరాం. లేక్ ప్లెజంట్ దాటి కొంత దూరం పోయాక ఫోన్లో సిగ్నల్ ఉండదు. ముందు బండి లేపే దుమ్ములో వెనకవాళ్ళకి దారి కనపడదు కాబట్టి ఎడం ఎడంగా నడుపుతున్నాం. ఒక మలుపు దగ్గర ఆగి చూస్తే మూడో బండి రాలేదు. చేతిలో ఉన్న చిన్న వాకీటాకీలో ఎంత పిలిచినా గరగర తప్ప ఇంకేం లేదు. ఆ బండిలో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. వెనక్కి వెళ్ళి చూస్తే టైరు కోసుకుపోయింది, అంతే, అందరూ క్షేమం. కానీ ఆ ఇరవై నిమిషాల టెన్షన్ మళ్ళీ వద్దనుకుని, ఇంటికొచ్చిన వారంలోనే బండికి రేడియో పెట్టే పని మొదలుపెట్టాను.

అమెరికాలో బండికి పెట్టుకోవడానికి మామూలుగా మూడు దారులున్నాయి. సీబీకి (సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం వాడుకునే రేడియో) లైసెన్స్ అక్కర్లేదు, కానీ ఏఎమ్‌లో 4 వాట్లే, పైగా 27 మెగాహెర్ట్జ్ కాబట్టి తరంగం పొడవులో పావు వంతు ఉండే యాంటెనా అంటేనే దాదాపు తొమ్మిది అడుగులు, పొట్టివి పెట్టుకుంటే ఆ మేరకు నష్టమే. హామ్ (రేడియో హాబీగా ఉన్నవాళ్ళు వాడేది) అన్నిటికంటే గొప్పది, కాకపోతే మాట్లాడే ప్రతివాళ్ళూ పరీక్ష రాయాలి. మాకు సరిపోయింది జీఎమ్ఆర్ఎస్ (జనరల్ మొబైల్ రేడియో సర్వీస్). పరీక్ష లేదు, ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కడితే పదేళ్ళ లైసెన్స్, అది కుటుంబం మొత్తానికి పనికొస్తుంది. కుటుంబమంటే భార్యాబిడ్డలే కాదు, అమ్మానాన్నలు, అన్నదమ్ములు, మేనల్లుళ్ళు, అత్తమామలు కూడా! ఈ రూల్ చదివినప్పుడు నాకు భలే నచ్చింది.

ఇక వాట్లు. జీఎమ్ఆర్ఎస్‌లో 50 వాట్ల దాకా అనుమతి ఉంది, అందరూ అదే కొనమన్నారు. నేను మిడ్‌ల్యాండ్ కంపెనీ 15 వాట్ల రేడియో తీసుకున్నాను. తెర, బటన్లు అన్నీ మైకులోనే ఉంటాయి, అసలు పెట్టె సీటు కింద దాక్కుంటుంది. 462 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ దాదాపు చూపు ఆనే దారిలోనే పోతుంది, మధ్యలో కొండ అడ్డుంటే 50 వాట్లున్నా పెద్దగా ఒరిగేదేం లేదు. వాట్లు మూడింతలైతే దూరం మూడింతలు కాదు. మిగిలిన డబ్బు యాంటెనాకి పెట్టండి.

రేడియోతోపాటు వచ్చిన, అయస్కాంతంతో అంటుకునే యాంటెనాని తీసుకెళ్ళి బానెట్ మీద పెడితే జర్రున జారి కింద పడింది. తలుపు మీద పెట్టాను, అక్కడా అంటుకోలేదు. నాది జీప్ రాంగ్లర్, కొత్త రాంగ్లర్ల బానెట్, తలుపులు అల్యూమినియం, పైకప్పేమో ఫైబర్. ఈ సంగతి కొనేముందు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చివరికి బానెట్ కీలు దగ్గర బిగించే బ్రాకెట్ తెప్పించి దాని మీద యాంటెనా పెట్టాను. ఎస్‌డబ్ల్యూఆర్ (రేడియో పంపే శక్తి యాంటెనా దగ్గర్నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే లెక్క, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది) చూస్తే 2.8! బ్రాకెట్‌కీ బాడీకీ మధ్య పెయింట్ ఉండిపోయింది. బోల్టు కింద ఉప్పుకాగితంతో రుద్ది, లోహం తెల్లగా మెరిసేదాకా గీకి మళ్ళీ బిగిస్తే 1.4కి దిగింది. మీటరు మాత్రం ఈ ఫ్రీక్వెన్సీకి పనిచేసేదే తీసుకోండి, సీబీ మీటరుతో ఇది కొలవలేం. యాంటెనా కూడా మరీ ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ని ఒక వైపుకి కూడగట్టే బలం, డీబీల్లో చెప్తారు) ఉన్నది వద్దు. అది సిగ్నల్‌ని పల్చగా, అడ్డంగా పరుస్తుంది, ఒకరు కొండ మీద, ఒకరు లోయలో ఉండే మనబోటివాళ్ళకి 3 డీబీది నయం.

కరెంటు సిగరెట్ సాకెట్ నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి లాగాను. ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. మైనస్ వైరుని మాత్రం బ్యాటరీ మైనస్ కొనకి కలపొద్దు, అక్కడ ఛార్జింగ్ లెక్క చూసే సెన్సర్ ఉంటుంది, కాబట్టి బాడీ ఎర్త్‌కి బిగించాలి. ఫైర్‌వాల్‌లో (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే గోడ) ఉన్న రబ్బరు బిరడాకి చిన్న గాటు పెట్టి, బట్టల హ్యాంగర్ తీగకి వైరు చుట్టి లోపలికి లాగడానికే నాకు గంట పట్టింది.

ఇంకోటి. ఛానల్ ఒకటే పెట్టినా ఒకరి మాట ఒకరికి వినపడకపోతే ప్రైవసీ టోన్ చూడండి, అది పెడితే అదే టోన్ ఉన్న రేడియోల మాటలే వినిపించి మిగతావి ఆగిపోతాయి. మా వాళ్ళలో ఒకరికి అది ఆన్‌లో ఉండిపోయి, మేం మాట్లాడేది ఆయనకి చేరలేదు, ఆయన మాటలు మాత్రం మాకు శుభ్రంగా వినిపించాయి. బయల్దేరేముందు అన్నిట్లోనూ తీసేయడం మంచిది.

హైదరాబాద్‌లో థార్ కొన్న మా తమ్ముడు "అన్నయ్యా, వచ్చేటప్పుడు నాకూ ఒకటి పట్రా" అన్నాడు. తేనని చెప్పాను. ఈ ఫ్రీక్వెన్సీలు అక్కడ లైసెన్స్ లేకుండా వాడకూడదు. అక్కడ లైసెన్స్ అక్కర్లేని చిన్న వాకీటాకీలకి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ ఉంది, అవి అక్కడే కొనుక్కోమన్నాను.

ఫిబ్రవరిలో మళ్ళీ అదే దారిలో వెళ్ళాం. అదే మలుపు దగ్గర మా ఆవిడ మైకు తీసుకుని "ఎంతవరకొచ్చారు వదినా?" అంటే, వెనక బండిలోంచి పక్క సీట్లో కూర్చుని మాట్లాడినట్టే వినపడింది: "వాగు దాటుతున్నాం, పిల్లలు నిద్రపోయారు."