వానాకాలంలో అడవి పుంజుని చూశారా

అడవి కోడి అంటే నాటుకోడికి చిన్న సైజు అనుకునేవాణ్ణి నేను, చాలామంది అంతే అనుకుంటారు కూడా. మారేడుమిల్లిలో మా మావయ్య పక్కన కూర్చోపెట్టుకుని చూపించాకే తెలిసింది ఎంత తేడా ఉందో. ఆయన రంపచోడవరంలో ఇరవై ఏళ్ళు ఉన్నాడు, ఆ దారులన్నీ ఆయనకి కొట్టినపిండి.

మొదటిసారి మార్చిలో వెళ్ళాం. తెల్లారకముందే ఘాట్ రోడ్డు పక్కన బైక్ ఆపేసి మాట్లాడకుండా కూర్చున్నాం, కాసేపటికి కూత వినపడింది, మన ఊరి పుంజు కూతలాగే మొదలైంది గానీ చివర సాగకుండా టక్కున ఆగిపోయింది. "అదేరా, ఊళ్ళో పుంజైతే చివర్న ఇంకాస్త లాగుద్ది" అన్నాడు మావయ్య.

వెలుగొచ్చాక వెదురు పొదలోంచి దిగింది. అబ్బ, ఏం రంగండీ! మెడ మీంచి వీపు దాకా బంగారం, నారింజ కలిసిపోయి జారుతున్నట్టు ఈకలు, కోడిపందేలు తెలిసినోళ్ళకి డేగ రంగు గుర్తొస్తుంది. తోక నల్లగా ఉంటుంది గానీ ఎండ పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది, ఆ తోకని మన పుంజులాగా పైకెత్తదు, కిందకి వాల్చుకునే నడుస్తుంది. కాళ్ళు సీసం రంగు, చెవి దగ్గర చిన్న తెల్ల మచ్చ, తోక మొదట్లో తెల్లటి కుచ్చు. బెదిరి ఎగిరినప్పుడు ఆ కుచ్చే ముందు కనపడుతుంది. బరువు చూస్తే కిలోకి అటూ ఇటూ అంతే.

పెట్ట పక్కనే ఉందంట, నాకు కనపడనే లేదు, కదిలాక చూశా. ఒళ్ళంతా ఎండుటాకు రంగే, తలమీద ఎర్ర జుట్టు కూడా ఉండీ లేనట్టే ఉంది. గుడ్ల మీద మూడు వారాలు నేల మీదే కూర్చోవాలి కదా, అలా లేకపోతే ఏ ముంగిసో వదలదు. పుంజుకి ఏదో పురుగు దొరికింది, తినలేదు, ముక్కుతో ఎత్తి కింద పడేసి, మళ్ళీ ఎత్తి, కుక్ కుక్ అని పిలిస్తే పెట్ట వచ్చి తింది. మన పెరట్లో పుంజులు కూడా ఇదే చేస్తాయి, గమనించి చూడండి. గద్ద కనపడితే సన్నగా సాగే అరుపు, నేల మీద పిల్లో కుక్కో వస్తే గట్టిగా కొక్ కొక్ అని ఇంకో అరుపు, ఈ రెండు రకాలూ అడవి నుంచి ఇంటికి అలాగే వచ్చేశాయి.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. ఆగస్టులో మళ్ళీ వెళ్ళా, అదే చోటు, సన్న వాన. నల్లగా మాసిపోయినట్టున్న కోడి ఒకటి దాటింది, మెడ మీద బంగారం లేదు, పొడుగు తోక ఈకలు లేవు, జుట్టు కూడా ముడుచుకుపోయింది. ఏదో జబ్బు చేసిందనుకుని నిజంగా బాధపడ్డా. మావయ్య నవ్వి, పుంజేరా అది, పిల్లల కాలం అయిపోయింది, బట్టలు మార్చుకుంది అన్నాడు. జూన్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా అలాగే ఉంటుంది, కూత కూడా పెద్దగా ఉండదు. ఊరి పుంజులు ఈకలు రాల్చినా ఇలా మధ్యలో నల్ల మెడ రాదు. గూడేల దగ్గర ఊరి కోళ్ళు మేతకి అడవి అంచు దాకా వెళ్ళి వీటితో కలిసిపోతున్నాయి, పుట్టినవాటిని పైపైన చూస్తే అడవి కోడే అనుకుంటాం. అందుకే పరిశోధన చేసేవాళ్ళు వానాకాలంలో వచ్చే ఈ నల్ల మెడని, అసలు రక్తం మిగిలుందనడానికి ఒక గుర్తుగా చూస్తారు. నాకైతే మార్చిలో చూసిన బంగారం కంటే ఈ మాసిన పుంజే ఎక్కువ విలువైందనిపించింది.

ఇంకో సంగతి, మన గోదావరే ఇంచుమించు సరిహద్దు. ఉత్తరాన, తూర్పున నేను చూసిన ఈ రకం, దీన్ని ఎర్ర అడవి కోడి అంటారు, దక్షిణాన నల్లమల, శేషాచలం వైపు బూడిద రంగు అడవి కోడి. దాని మెడ ఈకల మీద లక్క బొట్లు పెట్టినట్టు పసుపు, తెలుపు చుక్కలుంటాయి, కూత అసలు వేరే, కుక్ కాయా కాయా కుక్ అంటుంది. ప్రపంచంలో పెంపుడు కోళ్ళకి అసలు మూలం ఎర్రదే, కానీ చాలా కోళ్ళకి ఉండే పసుపు కాళ్ళ జన్యువు ఈ బూడిద దాన్నుంచి వచ్చిందని 2008లో తేల్చారు. అంటే దక్షిణాది అడవి పక్షి గుర్తు ఇవాళ ఎక్కడెక్కడి కోళ్ళ కాళ్ళ మీదో ఉంది!

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని వేటాడకూడదు, అయినా ఉచ్చులు పెట్టేవాళ్ళున్నారు. దయచేసి ఎవరైనా హోటల్లో "అడవి కోడి ఉంది సార్" అంటే వద్దనండి, అది నిజమైనా తప్పే, అబద్ధమైనా తప్పే.

దసరా దాటాక మావయ్య ఫోన్ చేశాడు. ఆ పుంజు మెడ మీద నల్ల ఈకల మధ్యలోంచి ఎర్రవి రెండు మూడు పొడుచుకొస్తున్నాయంట, ఈ ఆదివారం బయల్దేరుతున్నా.