మా పాపకి ఏడీహెచ్‌డీ అని తేలేదాకా, తేలిన తర్వాతా – నా అనుభవం

మా పాపకి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురులేకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) ఉందని తెలిసినప్పటి నుంచి చుట్టాల్లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఎక్కడ చూపించారు, ఏం మందులిచ్చారు, మావాడు కూడా కుదురుగా కూర్చోడు" అని అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కళ్ళకీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా. నేను డాక్టర్ని కాదండి, తల్లిని అంతే. ఉండేది హైదరాబాద్‌లో, సొంతూరు తెనాలి దగ్గర, పాప ఇప్పుడు ఐదో తరగతి.

ఏడీహెచ్‌డీ అంటే అందరికీ గుర్తొచ్చేది సోఫా మీంచి దూకే మగపిల్లాడు. మా పాప అస్సలు అలా కాదు. అల్లరి లేదు, గొడవ లేదు, పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే "చాలా మంచి పిల్లండీ, కాకపోతే కొంచెం పరధ్యానం" అని రెండు ముక్కల్లో పంపించేసేవాళ్ళు. ఇంట్లో సంగతి మాకు తెలుసు కదా. పొద్దున్నే ఒక సాక్సు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని బాల్కనీలో పావురాల్ని చూస్తూ నిలబడిపోతుంది, కింద వ్యాన్ వాడు హారన్ కొడుతుంటాడు. వాటర్ బాటిళ్ళు, ఎరేజర్లు, స్వెట్టర్లు ఎన్ని పోగొట్టిందో లెక్క లేదు. లెక్కల నోట్‌బుక్ తెరిస్తే మొదటి మూడు లెక్కలు గుండ్రటి అక్షరాలతో నీట్‌గా, కరెక్టుగా ఉంటాయి, నాలుగోది సగంలో ఆగిపోతుంది, ఐదో లెక్క కింద ఆరో లెక్క జవాబు ఉంటుంది. రాక కాదు, పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగితే నోటితో టకటకా చెప్పేస్తుంది. అరగంట హోంవర్క్ రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగేది, ఆఖర్లో అది ఏడ్చేది, ఆ తర్వాత నేను.

మొదట మామూలు పిల్లల డాక్టర్‌కే చూపించాం. ఆయన కళ్ళు, చెవులు టెస్ట్ చేయించమన్నారు, రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూశారు, రాత్రిళ్ళు గురక పెడుతుందా, సరిగ్గా నిద్రపోతుందా అని అడిగారు. సరిగ్గా వినపడకపోయినా, రక్తం తక్కువున్నా, నిద్ర చాలకపోయినా పిల్లలు ఇలాగే పరధ్యానంగా కనిపిస్తారట, ముందు అవి కాదని తేల్చుకోవాలట. అన్నీ నార్మల్ వచ్చాక పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గరికి రాసిచ్చారు. అక్కడ మొదలైంది ఇంట్లో రామాయణం.

మా అత్తయ్య గారు "బంగారం లాంటి పిల్లని పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆవిడే "వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, పొద్దున కొన్న పలక సాయంత్రానికి ఎక్కడ పెట్టాడో తెలిసేది కాదు, ఇప్పుడు ఉద్యోగం చెయ్యట్లా?" అన్నారు. ఆ మాట నేను డాక్టర్‌తో నవ్వుతూ చెప్తే ఆవిడ నవ్వకుండా ఫైల్లో రాసుకున్నారు, ఇది కుటుంబాల్లో నడిచేదే, తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం బాగా ఎక్కువ అన్నారు. మా ఆయన పక్కనే కూర్చుని ఫ్యాన్ వైపు చూస్తున్నారు. బండి తాళాలు ఫ్రిజ్‌లో దొరికిన మనిషి మరి.

రక్తపరీక్షలో గానీ స్కానింగ్‌లో గానీ ఇది తేలదండి. ఒకచోట "బ్రెయిన్ మ్యాపింగ్ ప్యాకేజీ ఉంది, అందులో పక్కాగా తెలిసిపోతుంది" అన్నారు, మేం ఆ జోలికి పోలేదు, మా డాక్టర్ కూడా అక్కర్లేదనే అన్నారు. వాళ్ళు చూసేది లక్షణాలు. శ్రద్ధకి సంబంధించి తొమ్మిది, కుదురులేనితనానికీ తొందరపాటుకీ సంబంధించి తొమ్మిది ఉంటాయి, పిల్లల్లో వీటిల్లో ఏదో ఒక గుంపులో కనీసం 6 ఉండాలి, 17 ఏళ్ళు నిండినవాళ్ళకైతే 5 చాలు. ఆరు నెలలుగా ఉండాలి, 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, అన్నిటికంటే ముఖ్యం ఒక్క ఇంట్లోనే కాకుండా బడిలో కూడా కనిపించాలి. ఇంట్లో మాత్రమే ఉంటే అది వేరే సంగతి కావచ్చు.

అందుకే ఫారాలిచ్చారు. వాండర్‌బిల్ట్ స్కేల్ అంటారు, తల్లిదండ్రులకి 55 ప్రశ్నలు, టీచర్‌కి 43. ఒక్కోదానికీ ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా అని నాలుగు గడులు. నాది అరగంటలో నింపేశా. టీచర్ ఫారం తిరిగొచ్చాక తెరిచి చూస్తే దాదాపు అన్నీ "ఎప్పుడూ లేదు"!

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈ పిల్ల బడిలో బానే ఉంటే మరి నోట్‌బుక్కుల సంగతేంటి? క్లాస్ టీచర్‌ని కలిస్తే ఆవిడ పాపం నా చెయ్యి పట్టుకుని "మేడం, మీ పాప మంచి పిల్ల, ఇలాంటి కాగితం మీద నేనెందుకు చెడ్డగా రాస్తాను, రేపు ఏ సర్టిఫికెట్‌లోనైనా వస్తే?" అన్నారు. అంటే ఆవిడ పాపని కాపాడుతున్నాననుకున్నారు! ఇది కాండక్ట్ సర్టిఫికెట్ కాదు, బడికీ దీనికీ సంబంధం లేదు, డాక్టర్ చూసి ఫైల్లో పెట్టుకుంటారంతే అని చెప్పి, లెక్కల నోట్‌బుక్ తెరిచి ఆ నాలుగో లెక్కా ఐదో లెక్కా చూపించా. ఆవిడ కాసేపు పేజీలు తిప్పి "అవునండీ, బోర్డు మీద రాసింది కూడా సగమే ఎక్కిస్తుంది, గొడవ చెయ్యదు కాబట్టి నేనూ పెద్దగా పట్టించుకోలేదు, యాభై మందిలో" అన్నారు. కొత్త ఫారం ఇస్తే అక్కడే కూర్చుని నింపారు, ఇంకో కాపీ లెక్కల టీచర్‌తో కూడా నింపించారు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు మలుపు అదే. ఎవరికైనా ఫారం ఇస్తే టీచర్ చేతిలో పెట్టి వచ్చెయ్యకండి, అది దేనికో ఐదు నిమిషాలు కూర్చుని చెప్పండి, నోట్‌బుక్కులు పట్టుకెళ్ళండి.

తర్వాత సైకాలజిస్ట్ దగ్గర టెస్టులు. ఐక్యూకి మిసిక్ అని ఒకటి, చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది ఉందేమో చూడ్డానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళ బ్యాటరీ, అంటే టెస్టుల సెట్. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ లెర్నింగ్ డిసేబిలిటీ కూడా కలిసి ఉంటుందట, ఒకదానికే వైద్యం చేసి రెండోది వదిలేస్తే ఫలితం ఉండదు. మా పాపకి అది లేదని వచ్చింది. ప్రైవేట్‌లో టెస్టులకి వేలల్లోనే అవుతుంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. సర్కారు బడి పిల్లలకైతే ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం ఉంది, బడికొచ్చి పరీక్షించే టీములు చూసే 30 రకాల సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఒకటి, అనుమానం ఉంటే జిల్లా కేంద్రంలో ఉండే డీఈఐసీకి (పిల్లల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం) పంపిస్తారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి వాళ్ళబ్బాయి కోసం నేను చెప్పిన దారి అదే.

ఇక మందుల దగ్గరికొద్దాం, అందరూ అడిగేది దీని గురించే. ఆరేళ్ళ లోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకి ట్రైనింగే అట, మందు తర్వాత. మా పాప వయసుకి రెండూ కలిపి చెయ్యొచ్చన్నారు. ఇచ్చింది మిథైల్‌ఫెనిడేట్. ఇదేమీ నిన్నా మొన్నా వచ్చిన మందు కాదు, స్విట్జర్లాండ్‌లో 1944లో తయారు చేశారు, చేసినాయన వాళ్ళావిడ రీటా పేరు మీదే రిటాలిన్ అని పెట్టారు, మనకిక్కడ వేరే కంపెనీల పేర్లతో దొరుకుతుంది. దొరుకుతుంది అన్నాను గానీ దొరకడమే పెద్ద పని. మా వీధిలో మెడికల్ షాపు అబ్బాయి చీటీ చూసి "మా దగ్గర ఉండదు ఆంటీ, ఇది పెద్ద షాపుల్లోనే" అన్నాడు. ఇంకో షాపులో చీటీని అటూ ఇటూ తిప్పి నన్నే అనుమానంగా చూశారు. సంగతేంటంటే ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలోది, దానికి ప్రత్యేక లైసెన్స్ ఉన్న షాపులే అమ్మాలి, చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపు వాళ్ళు తీసుకుని రెండేళ్ళు దాచాలి. అట్ట మీద ఎర్రగా ఎక్స్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది. కాబట్టి డాక్టర్ దగ్గర లేచేముందే రెండు కాపీలు అడిగి తీసుకోండి, ఏ షాపులో ఉంటుందో కూడా అడగండి, వాళ్ళకి తెలుస్తుంది.

మొదలుపెట్టేముందు బీపీ, నాడి, ఎత్తు, బరువు చూశారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉందా అని గుచ్చి గుచ్చి అడిగారు. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదట ఇచ్చింది ఓ నాలుగు గంటలు పనిచేసే రకం, లంచ్ తర్వాత పీరియడ్లకి దాని పని అయిపోయేది, తర్వాత ఎక్కువసేపు ఉండే రకానికి మార్చారు, అది నమలకూడదు, పొడి చెయ్యకూడదు. ఆకలి మాత్రం చచ్చిపోయింది. లంచ్ బాక్సు వెళ్ళినట్టే తిరిగొచ్చేది. ఇప్పుడు పొద్దున్నే మాత్రకి ముందే గుడ్డు, ఇడ్లీ కడుపునిండా పెట్టేస్తా, సాయంత్రం ఐదున్నరకి మందు దిగేసరికి ఆవురావురుమంటూ వస్తుంది, అప్పుడు బిస్కెట్లూ చిప్సూ కాకుండా నేరుగా అన్నమే. బరువు ప్రతిసారీ డాక్టర్ రాసుకుంటారు.

అలవాటైపోతుందా, మత్తుమందా, పిల్ల మొద్దుబారిపోతుందా అని అందరూ అడుగుతారు. మొద్దుబారినట్టుంటే డోసు ఎక్కువైందని అర్థం, వెంటనే చెప్పండి అన్నారు మా డాక్టర్. మా పాప అదే పాప, అవే కబుర్లు. తేడా ఎక్కడ తెలిసిందంటే, ఒకరోజు నేను వంటింట్లో ఉంటే నోట్‌బుక్ పట్టుకొచ్చి "పది లెక్కలూ అయిపోయాయమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?" అంది. టైము చూస్తే ఏడు కూడా కాలేదు. ఇప్పుడేం చెయ్యాలో నాకే తెలియలేదు.

మందుతోనే అంతా అయిపోలేదు, ఇంట్లో మేం మారాల్సినవి చాలా ఉన్నాయి. సైకాలజిస్ట్ నన్నూ మా ఆయన్నీ కూర్చోబెట్టి నేర్పించినవి వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తాయి. వంటింట్లోంచి అరవకుండా దగ్గరికెళ్ళి, భుజం మీద చెయ్యేసి, కళ్ళలోకి చూసి ఒక్క పనే చెప్పాలి. "స్నానం చేసి, డ్రెస్ వేసుకుని, బ్యాగ్ సర్దుకుని రా" అంటే స్నానం దగ్గరే ఆగిపోతుంది. హోంవర్క్ పదిహేను నిమిషాలు, ఐదు నిమిషాలు ఆట, మళ్ళీ పదిహేను, మధ్యలో కిచెన్ టైమర్. మెచ్చుకోవాలంటే అప్పటికప్పుడే, "బాగా చదివితే సమ్మర్‌లో సైకిల్" లాంటివి వీళ్ళకి పనిచెయ్యవు, సమ్మర్ అంటే వీళ్ళకి చాలా దూరం. తలుపు మీద పొద్దున పనుల బొమ్మలు అంటించాం, ఆ బొమ్మలు పాపే గీసింది. విచిత్రం ఏంటంటే ఆ చార్టు మా ఆయనకి ఎక్కువ పనికొస్తోంది, తాళాల బొమ్మ ఆయన కోసం విడిగా గీయించుకున్నారు.

బడికి ఒక పేజీ రాసిచ్చా, పొడుగు లెటర్ ఇస్తే ఎవరూ చదవరు. ముందు బెంచీ, కిటికీకి దూరంగా, హోంవర్క్ డైరీలో ఎక్కించిందో లేదో ఒకసారి చూడ్డం, పరీక్షలో పేపర్ వెనక ప్రశ్నలు కూడా ఉన్నాయని గుర్తు చెయ్యడం, అంతే. పేపర్ వెనక వైపు తిప్పకుండా ఇచ్చేసి వచ్చిన పిల్ల ఇది. ప్రిన్సిపాల్ మొదట "రూల్ ఏముంది" అన్నారు. నిజమే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, లెర్నింగ్ డిసేబిలిటీ, ఆటిజం ఉన్నాయి గానీ ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అందుకే బోర్డు పరీక్షల్లో అదనపు టైమ్ లాంటివి ఈ ఒక్క పేరు మీద అడగడం కష్టం, లెర్నింగ్ డిసేబిలిటీ కూడా ఉన్నవాళ్ళు గవర్నమెంట్ మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తీసుకోవాలి. కానీ ముందు బెంచీకి చట్టం ఎందుకండీ, ఆ మాటే మర్యాదగా అడిగితే ఒప్పుకున్నారు.

పెద్ద పిల్లల సంగతి కూడా కాస్త చెప్తా. మా పెద్దమ్మ మనవడు ఇంటర్, హాస్టల్లో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, వాడు అందులో నలిగిపోయి సంక్రాంతికి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళనన్నాడు. ఇంట్లో అందరూ ఫోన్ వల్లే అన్నారు. మా పాప సంగతి విన్నాక మా అక్క వాణ్ణి చూపించింది. ఆ వయసులో మొదటిసారి వెళ్తే చిన్నప్పటి ఆధారం అడుగుతారు, 12 ఏళ్ళ లోపు మొదలైందని తెలియాలి కదా, అక్క బీరువా అడుగున ఉన్న రెండో తరగతి, మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్ళింది, "తెలివైనవాడు, కానీ పని పూర్తి చేయడు" అని ప్రతి ఏడాదీ ఏదో ఒక టీచర్ రాసే ఉన్నారు. కార్డులు పారెయ్యకండి. ఇప్పుడు వాడు ఇంటి నుంచే డే స్కాలర్‌గా వెళ్తున్నాడు. ఇంకోటి, ఆ వయసు పిల్లల్ని గదిలోంచి బయటికి పంపి డాక్టర్‌తో తల్లిదండ్రులే మాట్లాడేస్తే వాడు రెండోసారి రాడు, వాడితో విడిగా మాట్లాడనివ్వాలి.

మన సంగతి కూడా చూసుకోవాలండి. ఒక రాత్రి నాకే ఇక చాలనిపించి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేశా, 14416, 2022 నుంచి ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడారు. మందు చెప్పలేదు, సలహాలు గుప్పించలేదు, ఓపిగ్గా విన్నారు, ఆ రోజుకి అదే పెద్ద సాయం.

సెలవులకి ఊరెళ్ళేముందు మాత్రలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, పండగ రోజుల్లో చిన్న ఊళ్ళలో షెడ్యూల్ ఎక్స్ షాపు కోసం తిరగడం నా వల్ల కాలేదు, తెనాలి నుంచి గుంటూరు పోవాల్సి వచ్చింది. సెలవుల్లో ఆపొచ్చా అని కొందరు అడుగుతున్నారు, అది మీ డాక్టర్‌నే అడగండి, మా పాపకి ఆపలేదు.