గుట్ట దిగిపోతున్న మట్టి

హైదరాబాద్ గుట్టల ప్రస్తావన వస్తే అందరి చూపూ బండల మీదికే పోతుంది; 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వంలో నాకూ పాలుంది. అయితే ఆ బండల మధ్య, వాటి కింద మిగిలివున్న పలుచని మట్టి గురించి మనం ఆలోచించేది చాలా తక్కువ. కింది రాయి ఎంత వేగంగా మట్టిగా మారుతుంది, ఆ మట్టి ఎంత వేగంగా వాలు దిగిపోతుంది అనే రెండింటి మీదే గుట్ట రూపం ఆధారపడి ఉంటుంది. మొదటి వేగం మన చేతిలో దాదాపు లేదు. రెండోదాన్ని మాత్రం ఒక్క వానాకాలంలోనే ఎన్నో రెట్లు పెంచేయగలం.

ఖాజాగూడ, నానక్‌రాంగూడ వైపు పునాదుల కోసం తవ్విన గోతుల అంచున నిలబడి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద మొరం. ఆ మొరంలో గ్రానైట్ పలుకులు ఇంకా తమ తమ చోట్లలోనే ఉంటాయి గానీ, వేళ్లతో నలిపితే రాలిపోతాయి. ఇంకా కిందికి పోతే, ఉల్లిపొరల్లాంటి పెచ్చులు చుట్టుకున్న గుండ్రాళ్లు కనిపిస్తాయి. నీరు రాతి పగుళ్లలోకి దిగి గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమట్టిగా మారుస్తూ, మూలలను అన్ని వైపులనుంచీ తినేయడం వల్ల అవి గుండ్రబడ్డాయి. అంటే గుట్టల నెత్తిన ఒకదానిపై ఒకటి నిలిచి మనల్ని అబ్బురపరిచే గుండ్లు చాలావరకు భూమి లోపలే రూపు దిద్దుకుని, పైమట్టి కొట్టుకుపోయాక బయటపడినవే.

ఆ కోత మాత్రం ఎంతో నెమ్మదిగా జరిగింది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు తాకినప్పుడు రాతిలోని క్వార్ట్జ్ ఖనిజంలో బెరీలియం-10 అనే అరుదైన పరమాణువులు పుడతాయి; నేల నెమ్మదిగా అరిగేకొద్దీ అవి ఎక్కువగా పోగవుతాయి గనుక, వాటిని కొలిస్తే నేల ఎంత నిదానంగా అరిగిందో లెక్కకట్టవచ్చు. దక్కన్ వంటి పాత, స్థిరమైన భూభాగాల్లో ఆ లెక్క తరచుగా పది లక్షల ఏళ్లకు పది మీటర్ల దరిదాపుల్లో, అంటే ఏడాదికి మిల్లీమీటరులో నూరోవంతు చొప్పున తేలుతుంది.

దీని పక్కన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ లెక్కను పెట్టి చూడండి. 1976 నుంచి అక్కడి నల్లరేగడి నేలల్లో సాగుతున్న దీర్ఘకాల ప్రయోగంలో, వానాకాలమంతా నేలను బీడుగా వదిలి ఆ తర్వాత పంట వేసే పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా సుమారు 6.4 టన్నుల మట్టి కొట్టుకుపోయింది. వెడల్పాటి బోదెలు, వాటి మధ్య కాలువలు తీసి వానాకాలంలోనే పంట వేసిన చోట అది 1.5 టన్నులకు తగ్గింది. హెక్టారుకు 6.4 టన్నులంటే దాదాపు అర మిల్లీమీటరు మందం. పైన చెప్పిన సహజ వేగానికి కొన్ని పదుల రెట్లు. అదీ పెద్దగా వాలు లేని నేలలో.

గుట్ట పాదాన ఉన్న చల్క చేనులో నీరే కాదు, నాగలి కూడా మట్టిని కిందికి దించుతుంది. పాత గట్టు దగ్గర ఆగి చూస్తే, గట్టుకు పైనున్న మడి మట్టి చేరి ఎత్తుగా, కిందిది అరిగి పల్లంగా ఉంటుంది. తొలకరి తర్వాత బోడినేల మీద వంగి చూస్తే, నెత్తిన ఒక్కో గులకరాయిని మోస్తూ చిన్న చిన్న మట్టి స్తంభాలు కనిపిస్తాయి. చినుకుల దెబ్బకు రాయి అడ్డుపడిన చోట మాత్రమే మట్టి మిగిలింది. ఆ స్తంభాల ఎత్తే చుట్టూ పోయిన మట్టి లెక్క.

దిగిన మట్టి ఊరి చెరువులో ఆగేది. వేసవిలో రైతులు ఆ పూడికను బండ్లకెత్తి మళ్లీ చేలకు తోలుకునేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కూడా చెరువు పూడికను పొలాలకు చేర్చే ఈ పాత పద్ధతినే పెద్ద ఎత్తున చేపట్టింది. వాలు దించినదాన్ని మనిషి తిరిగి పైకి మోయడం నాకు ఎంతో గౌరవించదగిన పనిగా తోస్తుంది.

నగరం పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతుంది. అమెరికాలోని మేరీలాండ్ వాగులను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త గోర్డన్ వోల్మన్ 1967లో ఒక క్రమాన్ని చూపాడు: అడవి ఉన్నప్పుడు వాగులోకి వచ్చే మట్టి తక్కువ, సాగు వస్తే ఎక్కువ, భవన నిర్మాణ దశలో అన్నిటికంటే ఎక్కువ, అంతా కట్టేశాక నేల నుంచి వచ్చే మట్టి తగ్గినా, పెరిగిన వరద వాగు గట్లనే కోయడం మొదలుపెడుతుంది. హైదరాబాద్‌లో ఈ దశలన్నీ ఒకే వానలో కనిపిస్తాయి. షాద్‌నగర్ వైపు దుక్కి, కొత్త లేఅవుట్లు. కోకాపేటలో పేల్చి చదును చేసిన గుట్టలు, వాటి పక్కన పోసిన వదులు మట్టి. జూబ్లీహిల్స్‌లో కాంక్రీటు మీదుగా నాలాలోకి దూకే నీరు.

అందుకే అన్ని చోట్లకూ ఒకే మందు పనికిరాదని నా అభిప్రాయం. చేలలో వాలుకు అడ్డంగా దున్ని గట్లు నిలుపుకోవాలి. కట్టేసిన పేటల్లో నీటిని నేలలోకి ఇంకించాలి. లేఅవుట్లలో నేలనంతా ఒక్కసారే గీకి బోడిచేయకుండా, ఏ భాగంలో పని జరుగుతుందో అంతమేరకే తెరిచి, తొలకరికి ముందే మిగతా వాలును గడ్డితో కప్పి, దిగువ అంచున మట్టి నిలిచే గుంట తవ్వించాలి. గుట్టను పేల్చడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.