మాటలు ఏరుకొచ్చిన సెలవులు

మా స్కూల్లో యానివర్సరీ నాటకం కథతో మొదలయ్యేది కాదు. దసరా సెలవులిచ్చే రోజు తెలుగు మాస్టారు నాటకం పిల్లలందర్నీ ఆపి, "ఊళ్ళో తిరిగి, చెవిన పడ్డ మాటలు రాసుకురండిరా. కథ సంగతి తర్వాత చూద్దాం" అనేవారు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అనేటప్పుడు చేతుల్తో ఏం చేస్తున్నారు, ఇవన్నీ ఉండాలి. "ముసలాయన కోపంగా అన్నాడు" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. "కోపం నువ్వు పెట్టావు. ఆయన ఏమన్నాడో అది పెట్టు."

దసరాకి బెజవాడలో మాటలకి కరువా? ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి గంటల కొద్దీ క్యూలో నిలబడితే చాలు, కోడళ్ళ కష్టాలూ అల్లుళ్ళ అప్పులూ అన్నీ వినిపిస్తాయి. కొందరు కాళేశ్వరరావు మార్కెట్టుకి పోయేవాళ్ళు. నేను వన్‌టౌన్ గాజుల కొట్ల దగ్గర తచ్చాడేవాణ్ణి. మా ఇంట్లో మాత్రం చదువు మానేసి తిరుగుతున్నాడనే పేరొచ్చింది.

మాస్టారికి రేడియో నాటకాల పిచ్చి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. ఆయన బాల్యమంతా ఆ నాటకాలు వింటూనే గడిచిందట. కనపడని మనిషిని మాటతోనే నిలబెట్టాలి కాబట్టి మాట దగ్గర మోసం చెయ్యడం కుదరదని ఆయన నమ్మకం. స్టేజీ నాటకానికి అంత పట్టుదల అవసరమా అని అప్పట్లో నాకు అనుమానంగానే ఉండేది. ఆయన రాసిన వాటిలో సెట్టింగులు మరీ నాసిగా ఉండేవి కూడా.

సెలవులయ్యాక అసలు పని. మేం తెచ్చిన చీటీలన్నీ బల్ల మీద పరిచి, ఒకదానికొకటి సంబంధం లేనివాటిని పక్కపక్కన పెట్టేవారు. ఒకసారి నా చీటీలో గాజులు తొడిగే ఆవిడ మాట ఉంది: "చెయ్యి వదులుగా పెట్టమ్మా, బిగబడితే విరిగేది గాజే." ఇంకొకడు రైల్వే స్టేషన్లో విన్నది: "ఎక్కడికో బండెక్కాక చెప్తాలే." ఆ రెండింటినీ కలిపి, "ఈ గాజులు తొడిగించుకున్న పిల్లనే ఆ మనిషి బండెక్కిస్తున్నాడనుకో. ఎందుకు చెప్పట్లేదు?" అని మమ్మల్నే అడిగారు. పెళ్ళిచూపులకని ఒకడన్నాడు. చదువు మాన్పించి చుట్టాలింట్లో దింపడానికని ఇంకొకడు. గంటసేపు కొట్టుకున్నాం. ఆ ఏడాది నాటకం అలా పుట్టింది. ప్లాట్‌ఫారం మీద బల్ల, తండ్రీ కూతురూ, రాని రైలు. అంతే.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణముంది. 2024 బెజవాడ వరదల మీద ఒక శ్రవ్య నాటకం రాస్తున్నాను. మొదట చరిత్ర మీద పడ్డాను. కృష్ణ మీద 1855 నాటి పాత ఆనకట్ట, 1952లో దానికి పడిన గండి, 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, దాని 70 గేట్లు, ఆ సెప్టెంబరులో రికార్డుగా దాటిన 11.43 లక్షల క్యూసెక్కులు, అన్నీ పోగేశాను. నోట్సు నిండింది కానీ అందులో నోరు విప్పే మనిషి ఒక్కడూ లేడు.

అప్పుడు ఆ వరదలో మునిగిన సింగ్‌నగర్ పేటకి వెళ్ళి టీ కొట్ల దగ్గరా, మెట్ల మీదా కూర్చోవడం మొదలుపెట్టాను. ఊరంతా కృష్ణ వైపు చూస్తుంటే అక్కడికి నీళ్ళు బుడమేరు వాగు నుంచి వచ్చాయి. ఇది పేపర్లో చదివిందే. అయితే ఒకాయన, "టీవీలో బ్యారేజీ చూస్తున్నాం, కాళ్ళ కింద చాప తడిసింది" అన్నాక గానీ అందులో నాటకం ఉందని నాకు తట్టలేదు. ఒకావిడ బియ్యం చెరుగుతూ చెప్పింది: "పక్క డాబా వాళ్ళతో పదేళ్ళుగా మాటల్లేవు." ఇంకో వీధిలో ఒక కుర్రాడు: "డ్రోన్ వచ్చింది, మా అన్నం పొట్లం పక్కింటి డాబా మీద పడేసి పోయింది."

ఆ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టాను. రెండు డాబాలు, మధ్యలో మెడ లోతు నీళ్ళు, పొట్లం అవతల పడింది. చరిత్ర నోట్సులో మిగిలింది టీవీలో వార్తలు చదివే గొంతు మాత్రమే. అదీ సగంలో కరెంటు పోయి ఆగిపోతుంది. 11.43 లక్షలు పూర్తిగా వినపడనక్కర్లేదని తీసేశాను, కాస్త బాధగానే.

ప్రస్తుతం ఒక దగ్గర ఆగింది. రెండిళ్ళలో ముందు ఎవరు పలకరిస్తారు? పొట్లం దొరికినవాళ్ళే పిలుస్తారని మా ఆవిడ వాదన. నాకు మాత్రం పోగొట్టుకున్న ఇంటి పెద్దాయనే నోరు తెరుస్తాడనిపిస్తోంది, అదీ అన్నం అడగడానికి కాదు, "మీ వైపు నీళ్ళు తగ్గాయా?" అని.