నీళ్ళు ముందు ఆగుతాయి, జాంబీలు తర్వాత వస్తాయి

మా బాబాయి కొడుకు ఈమధ్యే ఉద్యోగంలో చేరి బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీలో దిగాడు. మొన్న ఆదివారం భోజనానికి వచ్చి, పప్పు కలుపుకుంటూ షెల్ఫు వైపు చూసి "ఏందక్కా, ఇన్ని జాంబీ పుస్తకాలు పెట్టుకున్నావు? బావ ఏమనడా?" అన్నాడు. బావ ఏమంటాడు, ఆయన క్రికెట్ ఆయనకుంది. ఆఫీసు క్యాబ్‌లో రోజుకి మూడు గంటలు పోతున్నాయట, ఏదన్నా ఇస్తే చదువుకుంటాను, కానీ బోరు కొట్టకూడదు అని షరతు. వాడికి అన్నం తినే లోపల చెప్పిందాన్నే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నా.

లోకం అంతమైపోయే నవల ఏది చేతికొచ్చినా నేను మొదట చూసేది ఒకటే. వీళ్ళకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? రచయిత దాని గురించి ఆలోచించాడని తెలిస్తే చాలు, మిగతావన్నీ నమ్మేస్తా. వంద పేజీలు గడిచినా ఎవరికీ దాహం వేయలేదంటే ఆ పుస్తకం పక్కన పెట్టేస్తా, అందులో ఎన్ని శవాలు లేచి నడిచినా సరే. ఇది మా ఊరు కదిరి నేర్పిన బుద్ధి. చిన్నప్పుడు పొద్దున నిద్ర లేచేసరికే వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉండేవి, మనిషి లేకపోయినా బిందె ఉంటే ఆ చోటు ఆ మనిషిదే.

బెంగళూరు వచ్చాక ఆ బుద్ధి పోయిందనుకున్నా. 2024 మార్చిలో మా అపార్ట్‌మెంట్‌ బోర్లు రెండూ ఎండిపోయాక మళ్ళీ తిరిగొచ్చింది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్ళు అని వాట్సాప్ గ్రూపులో టైమింగ్స్, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని నీళ్ళ బోర్డు ప్రకటన. మేం డబ్బులు ముందే కట్టిన ట్యాంకరు రెండు రోజులు రాలేదు. మూడో రోజు రాత్రి పదకొండింటికి వస్తే జనమంతా నైటీలతో, లుంగీలతో కిందికి దిగి, పైపు సంపులోకి వెళ్ళిందా లేదా అని ఫోన్ లైట్లు వేసి మరీ చూశారు. సరిగ్గా ఆ వారంలో నేను చదువుతున్నది 'ఎర్త్ అబైడ్స్', చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది.

జార్జ్ ఆర్. స్టీవర్ట్ 1949లో రాసిన నవల. ఇందులో జాంబీలు లేవు. ఇష్ అనే కుర్రాడు కొండల్లో పాము కరిచి ఒక్కడే పడుంటాడు, తేరుకుని కిందికి వచ్చేసరికి ఏదో జబ్బు వచ్చి దేశమంతా ఖాళీ. ఆ తర్వాత పెద్దగా ఏమీ జరగదు, అదే దీని అందం. జలవిద్యుత్ కేంద్రాలు వాటంతట అవే తిరుగుతుంటాయి కాబట్టి మనుషులు పోయినా కొన్నాళ్ళు లైట్లు వెలుగుతూనే ఉంటాయి, తర్వాత ఒకరోజు మసకబారి ఆరిపోతాయి. చీమల దండు వస్తుంది, పోతుంది, తర్వాత ఎలుకలు. కుళాయి మాత్రం ఇరవై ఏళ్ళకి పైగా వస్తూనే ఉంటుంది. పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయి వాళ్ళకీ పిల్లలు పుట్టాక, ఒక పొద్దున తిప్పితే నీళ్ళు రావు. ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని ఇన్నేళ్ళలో ఒక్కరూ పట్టించుకోలేదు, అందరికన్నా చదువుకున్నవాణ్ణని అనుకునే ఇష్‌తో సహా. ఇష్ నాకు పెద్దగా నచ్చడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా మొద్దులని లోపల లెక్కలేసుకుంటూ ఉంటాడు. అయినా ఆ కుళాయి ఆగిపోయిన చోట పుస్తకం మూసి వెళ్ళి మా వంటింటి కుళాయి తిప్పి చూశా. రాలేదు. మా టైమింగ్ కాదు.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశా. ఇష్ ఉండేది అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన, ఆ చుట్టుపక్కల కొండల్లో రిజర్వాయర్లున్నాయి, చాలావరకు నీళ్ళు వాలుకి దిగుతాయి, కాబట్టి ఇష్‌కి ఇరవై ఏళ్ళు కలిసొచ్చింది. మన బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన కూర్చుంది. కావేరి దాదాపు 100 కిలోమీటర్ల దూరం, తొరెకాడనహళ్ళి దగ్గర మొదలుపెట్టి మూడు చోట్ల పంపులతో సుమారు 500 మీటర్లు పైకి తోస్తేగానీ ఊళ్ళోకి రాదు. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలైనా పద్ధతి అదే, నీళ్ళు ఎక్కువయ్యాయంతే. అంటే కరెంటు పోయిన కొద్ది రోజుల్లోనే ఇక్కడ ట్యాంకులు కడిగినట్టు ఖాళీ. స్టీవర్ట్ ఈ కథ బెంగళూరులో పెట్టుంటే ఇరవై ఏళ్ళ ముచ్చట మొదటి అధ్యాయంలోనే ముగిసేది. జాంబీ ఒకడు సిల్క్ బోర్డ్ దాటి మా వీధి చేరేలోపే మేమంతా దాహంతో పోయుంటాం. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో వాడెలాగూ తొందరగా రాడు, అది వేరే సంగతి.

ఇదంతా విని మావాడు "అక్కా, నాకు జాంబీలు కావాల" అన్నాడు. సరే.

జాంబీలే కావాలంటే 'వరల్డ్ వార్ జీ'తో మొదలుపెట్టాలి. మాక్స్ బ్రూక్స్ 2006లో రాశాడు. "బ్రాడ్ పిట్ సినిమా చూసేశాలే" అంటారు అందరూ, వాడూ అదే అన్నాడు. 2013 సినిమాకీ పుస్తకానికీ పేరు తప్ప పెద్ద చుట్టరికం లేదు. ఇందులో హీరో లేడు. యుద్ధం అయిపోయాక ఒకతను దేశదేశాలు తిరిగి బతికినవాళ్ళ మాటలు రాసుకుంటాడు. చైనాలో మొదటి రోగిని చూసిన డాక్టరు, అంతరిక్షంలో ఇరుక్కున్న వ్యోమగామి, జపాన్‌లో కంప్యూటర్ తప్ప ప్రపంచం తెలియని కుర్రాడు, ఇలా ఒక్కొక్కరూ తమ ముక్క చెప్పి వెళ్ళిపోతారు. క్యాబ్‌లో చదవడానికి దీన్ని మించింది లేదు, ఒక సిగ్నల్‌కి ఒక అధ్యాయం. నాకు మరిచిపోలేనిది గుజరాత్‌లోని అలంగ్ అధ్యాయం. పాత ఓడల్ని విరగ్గొట్టే తీరం అది. జనం ప్రాణాలు అరచేత పట్టుకుని అక్కడికి పరిగెత్తుతారు, ఓడలున్నాయి కదా అని. ఉన్నాయి, కానీ అవి తుక్కు కోసం వచ్చినవి. రచయిత అమెరికావాడు, మన తీరం గురించి ఆ ఒక్క సంగతి తెలుసుకుని దాన్నెంత బాగా వాడుకున్నాడో!

రెండోది 'ది గర్ల్ విత్ ఆల్ ది గిఫ్ట్స్', ఎం. ఆర్. కేరీ, 2014. పదేళ్ళ మెలనీని రోజూ చక్రాల కుర్చీకి కట్టేసి క్లాసుకి తీసుకెళ్తారు, ఆమెకి టీచరమ్మంటే ప్రాణం. ఎందుకు కడతారన్నది నేను చెప్పను. ఇక్కడ జబ్బుకి కారణం వైరస్ కాదు, బూజు. చీమల్లోకి చేరి వాటి నడకని తన చేతుల్లోకి తీసుకునే ఒఫియోకార్డిసెప్స్ అనే బూజు నిజంగానే ఉంది, రచయిత దాన్ని మనుషులకి అంటించాడు. ముగింపు చదివి రెండు రోజులు ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేకపోయా.

లాక్‌డౌన్‌లో ఇంట్లో ఒంటరిగా ఉండి పిచ్చెక్కినవాళ్ళకి రిచర్డ్ మాథెసన్ 1954 నవల 'ఐ యామ్ లెజెండ్'. ఇందులోవి జాంబీలు కూడా కావు, రక్తం తాగేవి, అయినా తర్వాత వచ్చిన జాంబీ కథలన్నీ దీని వాకిట్లోంచి వెళ్ళినవే. నెవిల్ పగలు బయట తిరుగుతాడు, రాత్రి తలుపులు బిగించుకుని రికార్డులు పెట్టుకుంటాడు, బయట ఒకప్పటి పక్కింటాయన "బయటికి రా నెవిల్" అని అరుస్తుంటాడు. రెండు సాయంత్రాల పుస్తకం. 2007 సినిమా చివర మార్చేసింది. పేరుకి అర్థమంతా ఆ చివర్లోనే ఉంది, కాబట్టి సినిమా చూసినవాళ్ళకి సగమే దక్కినట్టు.

స్టీఫెన్ కింగ్ 'ది స్టాండ్' అడిగాడు. 1990లో పెంచి వేసింది వెయ్యి పేజీల పైనే, క్యాబ్‌లో చెయ్యి నొప్పి పుడుతుంది, పెళ్ళయ్యాక చదువుకోమన్నా. కోల్సన్ వైట్‌హెడ్ 'జోన్ వన్' వాక్యాలు బాగుంటాయి, కథ ఎంతకీ కదలదు.

మా అమ్మకి ఫోన్‌లో చెప్పదగ్గ కథ మాత్రం ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ 'స్టేషన్ ఎలెవెన్'. ఫ్లూ వచ్చి దాదాపు అందరూ పోయాక ఇరవై ఏళ్ళకి ఒక నాటకాల బృందం ఊరూరా తిరుగుతూ షేక్స్‌పియర్ ఆడుతుంటుంది. "సురభి వాళ్ళ మాదిరా?" అంది అమ్మ. అంతే! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై కుటుంబాలకి కుటుంబాలే నాటకమై తిరిగినవాళ్ళని చూసినవాళ్ళకి ఈ నవలలో ఏదీ వింతగా అనిపించదు. చివర్లో అమ్మ మామూలుగానే "ఇవన్నీ బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడులే" అని ఫోన్ పెట్టేసింది. కాలజ్ఞానం విని పెరిగిన సీమ పిల్లలకి అమెరికావాళ్ళ ప్రళయాలు కాస్త చప్పగానే ఉంటాయి.

మావాడు బ్రూక్స్‌నీ, మాథెసన్‌నీ సంచిలో వేసుకున్నాడు. కార్మాక్ మెకార్తీ 'ది రోడ్' కూడా తీశాడు గానీ చేతిలోంచి లాక్కున్నా. 2006 నవల, మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది. తండ్రీ కొడుకూ, వాళ్ళకి పేర్లు కూడా ఉండవు, బూడిద కప్పిన దేశంలో షాపింగ్ బండి తోసుకుంటూ దక్షిణానికి నడుస్తారు. ఏం జరిగిందో రచయిత చెప్పడు. కానీ అది జరిగిన రాత్రి దూరంగా వెలుగు కనబడి కరెంటు పోగానే ఆ తండ్రి మొదట చేసే పని స్నానాల తొట్టిలోకి కుళాయి తిప్పడం. ఎందుకు స్నానం చేస్తున్నావని భార్య అడుగుతుంది, చేయడం లేదంటాడు. అంతకుమించి వివరణ లేదు. నాకు అక్కర్లేదు కూడా, మా నాన్న మబ్బు పట్టి కరెంటు ఊగిందంటే మోటారు వేసి గిన్నెలతో సహా నింపేవాడు.

మావాడు ఊరు వదిలి వచ్చి రెండు నెలలే అయింది, రాత్రిళ్ళు పీజీలో ఒక్కడే పడుకుంటున్నాడు, వాడికి నాన్నంటే ప్రాణం. దసరాకి ఇంటికెళ్ళి వచ్చాక తీసుకుందువులే అని షెల్ఫులో పైన పెట్టేశా.